పోకెమాన్ పోటీలలో జట్టు కూర్పు

పోకెమాన్ వీడియో గేముల్లో పోటీకి దిగే ఆటగాడు ముందుగానే ఆరు జీవులను ఎంచుకోవాలి. ఒక్కొక్కదానికి నాలుగు మూవ్‌లు, ఒక ఎబిలిటీ, చేతిలో ఉంచుకునే ఒక వస్తువు, శిక్షణ పాయింట్లు నిర్ణయించాలి. ఈ ఆరూ కలిసి ఒకే పథకం ప్రకారం ఆడేలా సిద్ధం చేయడమే జట్టు కూర్పు. బలమైన ఆరు జీవులను ఒకచోట చేర్చినంత మాత్రాన జట్టు కాదు. ఒకదాని బలహీనతను మరొకటి కాయాలి, ఒకటి దారి వేస్తే మరొకటి దెబ్బ కొట్టాలి. ఆట మొదలయ్యాక చేయగలిగినదంతా ఈ ముందస్తు నిర్ణయాల పరిధిలోనే ఉంటుంది కాబట్టి, కొత్త ఆటగాడు మొదట నేర్చుకోవలసిన విద్య ఇదే.

నేపథ్యం

సతోషి తజిరి రూపకల్పనలో గేమ్ ఫ్రీక్ సంస్థ తయారుచేసిన తొలి పోకెమాన్ గేములు, రెడ్, గ్రీన్, జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న గేమ్ బాయ్ యంత్రం కోసం విడుదలయ్యాయి. వాటిలో 151 జీవులు, 15 టైపులు ఉండేవి. రెండు గేమ్ బాయ్‌లను కేబుల్‌తో కలిపి ఇద్దరు ఆటగాళ్లు తలపడే వీలు అప్పుడే ఉంది. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ గేములు డార్క్, స్టీల్ టైపులను చేర్చాయి. 2002 నాటి రూబీ, సఫైర్ గేములతో ఎబిలిటీలు, స్వభావాలు, ఇరువైపులా రెండేసి జీవులు నిలిచే డబుల్స్ పోరు వచ్చాయి. నేటి పోటీ ఆటకు పునాది పడింది ఆ గేములతోనే. 2013లో ఫెయిరీ చేరడంతో టైపులు 18 అయ్యాయి. 2022 నవంబర్ 18న విడుదలైన స్కార్లెట్, వైలెట్ గేములు, వాటి అనుబంధాలు వచ్చేనాటికి జీవుల సంఖ్య 1025కు చేరింది.

వీడియో గేమ్ విభాగంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2009లో మొదలైంది. అమెరికాకు చెందిన రే రిజో 2010, 2011, 2012లో వరుసగా మూడుసార్లు గెలిచాడు. జట్టు కూర్పు గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా తలచుకునేది మాత్రం 2014 పోటీని. ఆ ఏడాది వాషింగ్టన్ నగరంలో దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ పచిరిసు అనే చిన్న ఉడుత లాంటి జీవితో విజేత అయ్యాడు. అంకెల్లో చూస్తే అది బలహీనమైనదే. అయినా ఫాలో మీ మూవ్‌తో ప్రత్యర్థి దెబ్బలను తనవైపు తిప్పుకొని, పక్కనున్న గయరడాస్‌కు దాడి చేసే అవకాశం ఇచ్చింది. జట్టులో ఒక జీవి విలువను దాని బలం కాదు, అది చేసే పని నిర్ణయిస్తుందని ఆ విజయం రుజువు చేసింది.

పోటీ పద్ధతులు

ఏ నియమాల కింద ఆడుతున్నామో తేలకుండా జట్టు కట్టడం కుదరదు. అధికారిక పోటీలు డబుల్స్ పద్ధతిలో జరుగుతాయి. ఆటగాడు ఆరు జీవులతో వచ్చి, ప్రత్యర్థి ఆరింటినీ చూశాక నాలుగింటిని మాత్రమే బరిలోకి దింపుతాడు. అన్ని జీవులనూ 50వ లెవల్‌లోనే లెక్కిస్తారు. ఒకే జీవి రెండుసార్లు ఉండకూడదు, ఒకే వస్తువును రెండు జీవులకు ఇవ్వకూడదు. స్కార్లెట్, వైలెట్ కాలంలో ఏ జీవులను అనుమతించాలో రెగ్యులేషన్ సెట్ల పేరుతో కొన్ని నెలలకోసారి మార్చారు. ఒక సెట్‌లో అతిశక్తిమంతమైన లెజెండరీ జీవులు రెండు ఉండవచ్చు, మరో సెట్‌లో ఒక్కటీ ఉండకూడదు.

రెండో ప్రధాన పద్ధతి స్మోగాన్ సింగిల్స్. 2004లో మొదలైన స్మోగాన్ అనే ఆటగాళ్ల సంఘం దీని నియమాలను రూపొందించింది. ఇందులో ఇరువైపులా ఒక్కో జీవి నిలుస్తుంది, ఆరింటినీ వాడుకోవచ్చు. పోటీల్లో ఎంత తరచుగా వాడుతున్నారన్న గణాంకాలను బట్టి జీవులను ఓవర్‌యూజ్డ్, అండర్‌యూజ్డ్ వంటి అంచెలుగా విభజిస్తారు. డబుల్స్‌లో ఆట త్వరగా తేలిపోతుంది, జోడీల సహకారం ముఖ్యం. సింగిల్స్‌లో జీవులను మార్చుకుంటూ ప్రత్యర్థిని నెమ్మదిగా అరగదీయడం ముఖ్యం. ఒక పద్ధతిలో రాణించిన జట్టు రెండోదానిలో తేలిపోవచ్చు.

టైపుల లెక్క

ప్రతి జీవికి ఒకటి లేదా రెండు టైపులు ఉంటాయి. ప్రతి దాడి మూవ్‌కూ ఒక టైపు ఉంటుంది. నిప్పు గడ్డిని, గడ్డి నీటిని, నీరు నిప్పును రెట్టింపు దెబ్బ తీస్తాయి. ఎదురు దిశలో దెబ్బ సగానికి పడిపోతుంది. కొన్ని జంటల్లో దెబ్బ అసలు తగలదు: నేల టైపు జీవిపై విద్యుత్ దాడి పనిచేయదు, ఫెయిరీపై డ్రాగన్ దాడి పనిచేయదు. రెండు టైపులున్న జీవికి రెండు లెక్కలనూ గుణించాలి. నిప్పు, ఫ్లయింగ్ టైపులు గల చరిజార్డ్‌కు రాతి దాడి నాలుగు రెట్లు తగులుతుంది. జీవి తన సొంత టైపు మూవ్‌ను వాడితే దెబ్బ ఒకటిన్నర రెట్లు అవుతుంది.

కొత్త ఆటగాడు పట్టికనంతా కంఠస్థం చేయనక్కరలేదు. తన ఆరు జీవులకు ఏయే టైపులు గట్టిగా తగులుతాయో ఒక కాగితంపై రాసుకుంటే చాలు. ఒకే టైపు ముందు మూడు జీవులు బలహీనంగా ఉండి, దాన్ని తట్టుకునేది ఒక్కటే ఉంటే ఆ జట్టులో గండి ఉన్నట్టే. నిప్పు, నీరు, గడ్డి జీవుల త్రయం, స్టీల్, ఫెయిరీ, డ్రాగన్ జీవుల త్రయం ఇలా పరస్పరం కాచుకుంటాయి కాబట్టే చాలా జట్లకు అవి వెన్నెముకగా నిలిచాయి. స్కార్లెట్, వైలెట్ గేముల్లో టెరాస్టల్ అనే సదుపాయంతో ఆటకు ఒక్కసారి ఒక జీవి టైపును మార్చుకోవచ్చు. మిగిలిపోయిన గండిని పూడ్చడానికి చాలామంది దాన్నే వాడతారు.

గుణాంకాలు, శిక్షణ

ప్రతి జీవికి ఆరు గుణాంకాలు ఉంటాయి: ప్రాణశక్తి, అటాక్, డిఫెన్స్, స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్. వీటికి మూలం జాతిని బట్టి వచ్చే బేస్ అంకెలు. డ్రాగన్, నేల టైపుల గార్‌చాంప్‌కు అటాక్ 130, స్పీడ్ 102, స్పెషల్ అటాక్ 80. స్పెషల్ దాడులు కాక, అటాక్ మీద ఆధారపడే భౌతిక దాడులే దానికి తగినవని ఈ అంకెలే చెబుతాయి.

ఆటగాడు మార్చగలిగినవి మూడు. మొదటిది ఐవీ, అంటే 0 నుంచి 31 వరకు ఉండే సహజ విలువ. స్కార్లెట్, వైలెట్‌లో 50వ లెవల్‌కు చేరిన జీవికి హైపర్ ట్రైనింగ్‌తో దీన్ని గరిష్ఠ స్థాయికి తీసుకురావచ్చు. రెండోది ఈవీ, అంటే శిక్షణ పాయింట్లు. మొత్తం 510 ఉంటాయి, ఒక్కో గుణాంకానికి 252కు మించి వర్తించవు. మూడోది స్వభావం. 25 స్వభావాల్లో 20 ఒక గుణాంకాన్ని పది శాతం పెంచి మరొకదాన్ని పది శాతం తగ్గిస్తాయి, మిగతా 5 ఏమీ మార్చవు. మింట్‌లతో స్వభావ ప్రభావాన్ని మార్చుకునే వీలు వచ్చాక సరైన జీవి కోసం గంటల తరబడి గుడ్లు పొదిగించే శ్రమ తప్పింది.

మొదటి జట్టుకు సులువైన కేటాయింపు ఒకటుంది. దాడి చేసే జీవికి ప్రధాన అటాక్‌లో 252, స్పీడ్‌లో 252 పెట్టాలి. అండగా నిలిచే జీవికి ప్రాణశక్తిలో 252 పెట్టి, మిగతాది డిఫెన్స్‌కో స్పెషల్ డిఫెన్స్‌కో ఇవ్వాలి. ఫలానా దెబ్బను సరిగ్గా తట్టుకునేంత, ఫలానా జీవిని ఒక్క పాయింట్‌తో దాటేంత అనే సూక్ష్మ కేటాయింపులు కొన్ని పదుల ఆటలు ఆడాక తెలుస్తాయి.

దెబ్బ లెక్క

50వ లెవల్‌లో దెబ్బను ఇలా లెక్కిస్తారు: 22ను మూవ్ బలంతో గుణించి, దాన్ని దాడి చేసే జీవి అటాక్‌తో గుణించి, ఎదుటి జీవి డిఫెన్స్‌తో భాగించాలి. వచ్చినదాన్ని 50తో భాగించి 2 కలపాలి. మూవ్ బలం 90, అటాక్ 150, డిఫెన్స్ 100 అయితే ఫలితం 61. మూవ్ సొంత టైపుదైతే అది 91కి చేరుతుంది, ఎదుటి టైపుపై రెట్టింపు తగిలితే 182 అవుతుంది. చివరి ఫలితం ఎప్పుడూ గరిష్ఠానికి సుమారు 85 నుంచి 100 శాతం మధ్య మారుతూ ఉంటుంది కాబట్టి ఇదే దాడి కనీసం 152 తీస్తుంది. సరైన టైపు ఎంపిక ఒక్కటే దెబ్బను దాదాపు మూడు రెట్లు చేసిందని ఈ ఉదాహరణలో తేలుతుంది. శిక్షణ పాయింట్లు దిద్దడం కన్నా ముందు టైపుల కూర్పు చూడాలని చెప్పడానికి కారణం ఇదే. నిజమైన ఆటలో ఈ లెక్కను చేత్తో చేయరు, ఉచిత డ్యామేజ్ కాలిక్యులేటర్లు చేసిపెడతాయి.

గురి తప్పే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. హైడ్రో పంప్ బలం 110, కానీ వందలో 80 సార్లే తగులుతుంది. రెండుసార్లు వరుసగా తగిలే అవకాశం 64 శాతమే. 90 బలమున్న సర్ఫ్ అలా గురి తప్పదు. అయితే డబుల్స్‌లో అది పక్కనున్న మిత్రుడికీ తగులుతుంది. ప్రతి మూవ్ ఎంపికలోనూ ఇలాంటి బేరం ఉంటుంది.

వేగం మీద పట్టు

ఎవరు ముందు కదులుతారన్నది చాలా ఆటలను తేల్చేస్తుంది. శిక్షణ, స్వభావం రెండూ స్పీడ్‌కే పెట్టిన గార్‌చాంప్‌కు 50వ లెవల్‌లో స్పీడ్ 169 ఉంటుంది. టెయిల్‌విండ్ మూవ్ తమ జట్టు వేగాన్ని నాలుగు వంతుల పాటు రెట్టింపు చేస్తుంది, అప్పుడు అదే గార్‌చాంప్ 338తో కదులుతుంది. ట్రిక్ రూమ్ దీనికి పూర్తిగా ఎదురు: ఐదు వంతుల పాటు నెమ్మదైన జీవులే ముందు కదులుతాయి. స్పీడ్ బేస్ 20 మాత్రమే ఉన్న టోర్‌కోల్ లాంటి జీవి ట్రిక్ రూమ్‌లో దాదాపు అందరికన్నా ముందుంటుంది. పక్షవాతం సోకించి ఎదుటివారి వేగాన్ని సగం చేయడం, ఛాయిస్ స్కార్ఫ్ అనే వస్తువుతో సొంత వేగాన్ని ఒకటిన్నర రెట్లు పెంచడం, ఫేక్ అవుట్ వంటి ప్రాధాన్యం గల మూవ్‌లతో వేగంతో నిమిత్తం లేకుండా ముందు కదలడం మిగతా మార్గాలు. జట్టులో వీటిలో కనీసం ఒకటి, వీలైతే రెండు ఉండాలి.

పాత్రల పంపకం

జట్టులో సాధారణంగా కనిపించే పాత్రలు ఇవి:

ప్రధాన దాడిదారులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. కొందరు భౌతికంగా, కొందరు స్పెషల్‌గా దాడి చేస్తే ప్రత్యర్థి ఒకే రకం రక్షణతో ఆపలేడు.

వేగాన్ని అదుపు చేసేది ఒకటి, టెయిల్‌విండ్ లేదా ట్రిక్ రూమ్ వేసే జీవి.

దెబ్బలను తనవైపు తిప్పుకునేది ఒకటి, ఫాలో మీ లేదా రేజ్ పౌడర్ ఉన్న జీవి.

ఎదుటివారిని బలహీనపరిచేది ఒకటి. ఇన్సినరోర్ బరిలోకి రాగానే దాని ఇంటిమిడేట్ ఎబిలిటీ ప్రత్యర్థులిద్దరి అటాక్‌ను మూడింట రెండు వంతులకు దించుతుంది.

ఒకే జీవి రెండు పాత్రలు పోషించవచ్చు. ఏ పాత్రా లేని జీవి మాత్రం జట్టులో ఉండకూడదు.

ఒక నమూనా జట్టు

లెజెండరీలు లేని డబుల్స్ నియమాలకు జట్టు ఎలా పెరుగుతుందో చూడటానికి గార్‌చాంప్‌తో మొదలుపెట్టవచ్చు. దాని ఎర్త్‌క్వేక్ శత్రువులిద్దరికీ తగులుతుంది, మిత్రుడికీ తగులుతుంది. కాబట్టి నేల దాడి అంటని తోడు కావాలి. నీరు, విద్యుత్ టైపులున్న వాష్ రొటామ్‌కు లెవిటేట్ ఎబిలిటీ వల్ల ఆ దాడి అంటదు. గార్‌చాంప్‌ను నాలుగు రెట్లు దెబ్బతీసే మంచు దాడిని కూడా అది సగానికి తగ్గించుకుంటుంది.

గార్‌చాంప్‌కు మిగిలిన భయాలు ఫెయిరీ, డ్రాగన్. ఆ రెండింటినీ తట్టుకునే స్టీల్, ఫ్లయింగ్ జీవి కార్విక్నైట్ మూడోది. దానికీ నేల దాడి అంటదు, టెయిల్‌విండ్ కూడా అదే వేస్తుంది. కార్విక్నైట్‌కు నిప్పు, విద్యుత్ దాడులు గట్టిగా తగులుతాయి. గార్‌చాంప్ విద్యుత్తును పూర్తిగా, నిప్పును సగం వరకు అడ్డుకుంటుంది. ముగ్గురూ ఒకరినొకరు కాచుకున్నట్టయింది.

నాలుగోది ఇన్సినరోర్. ఇంటిమిడేట్, ఫేక్ అవుట్‌లతో మిగతావారికి ఊపిరి తీసుకునే సమయం ఇస్తుంది. ఐదోది గడ్డి, విషం టైపుల అమూంగస్. ఇన్సినరోర్‌ను బాధించే నీరు, ఫైటింగ్ దాడులను తట్టుకుంటుంది, రేజ్ పౌడర్‌తో దెబ్బలను లాక్కుంటుంది, స్పోర్‌తో నిద్రపుచ్చుతుంది. అమూంగస్‌కు ప్రమాదమైన సైకిక్ దాడి డార్క్ టైపున్న ఇన్సినరోర్‌ను అంటదు. ఆరోది ఫెయిరీ టైపు సిల్వియాన్. దాని హైపర్ వాయిస్ శత్రువులిద్దరికీ ఒకేసారి తగులుతుంది, మిత్రుడికి తగలదు. గార్‌చాంప్ భౌతిక దాడికి ఇది స్పెషల్ జోడు. సిల్వియాన్‌ను బాధించే విషం కార్విక్నైట్‌ను అంటదు, స్టీల్ దాడి దానికి సగమే తగులుతుంది.

ఇందులోనూ ఒక చిక్కు మిగిలింది. గార్‌చాంప్ పక్కన ఇన్సినరోర్ నిలిస్తే ఎర్త్‌క్వేక్ మిత్రుడినే దెబ్బతీస్తుంది. 100 బలమున్న ఎర్త్‌క్వేక్ ఒకటికి మించిన జీవులకు తగిలినప్పుడు డబుల్స్ నియమం ప్రకారం 75 శాతమే పనిచేస్తుంది. స్టాంపింగ్ టాంట్రమ్ బలం కూడా 75, అయితే అది ఒక్క శత్రువుకే తగులుతుంది. ఇద్దరు శత్రువులను ఒకేసారి కొట్టాలా, మిత్రుడిని కాపాడాలా అన్నది ఏ జోడీని ఎక్కువగా దింపుతామన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి.

పరీక్ష, సవరణ

కాగితం మీద కుదిరిన జట్టు ఆటలోకి దిగాక మారక తప్పదు. సాధనకు అందరూ వాడే వేదిక పోకెమాన్ షోడౌన్. 2011లో వచ్చిన ఈ ఉచిత సిమ్యులేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. జీవులను పట్టుకోవడం, పెంచడం అక్కరలేకుండా నిమిషాల్లో జట్టు తయారుచేసుకోవచ్చు. ర్యాంకింగ్ పట్టికలో ప్రతి ఆటగాడూ 1000 పాయింట్ల వద్ద మొదలవుతాడు. ప్రతి ఆట రీప్లేను దాచుకోవచ్చు.

ఓడిన ఆటల రీప్లేలలో రెండు విషయాలు చూడాలి: ఎంపిక దశలో సరైన నాలుగు జీవులనే తెచ్చామా, ఆట చేజారిన వంతు ఏది. ఒకే రకం జట్టు చేతిలో పదేపదే ఓడితే కూర్పులో లోపం ఉన్నట్టు. ఒక్కోసారి ఒక్కో చోట ఓడితే ఆడే తీరులో లోపం. సవరణ చేసేటప్పుడు ఒక్క మార్పే చేసి కొన్ని ఆటలు ఆడాలి. ఒకేసారి మూడు జీవులను మారిస్తే ఏ మార్పు వల్ల ఫలితం మారిందో తెలియదు.

పోకెమాన్ గోలో జట్టు

ఫోన్లలో ఆడే పోకెమాన్ గో 2016 జులైలో మొదలై, ఆ ఏడాది డిసెంబర్‌లో రిలయన్స్ జియో భాగస్వామ్యంతో భారత్‌కు వచ్చింది. ఆటగాళ్ల మధ్య పోటీలు 2018 డిసెంబర్‌లో, బ్యాటిల్ లీగ్ 2020లో మొదలయ్యాయి. 2022 నుంచి ఇది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక విభాగం. జీవి బలాన్ని సీపీ అనే ఒకే అంకెతో కొలుస్తారు. గ్రేట్ లీగ్‌కు పరిమితి 1500, అల్ట్రా లీగ్‌కు 2500, మాస్టర్ లీగ్‌కు పరిమితి లేదు.

ఇక్కడ మూడు జీవులే బరిలో దిగుతాయి, ఆట వంతులవారీగా కాక నిజ సమయంలో సాగుతుంది, ఇద్దరికీ రెండేసి షీల్డులు ఉంటాయి. ముందు నిలిచేది, కష్టంలో మారడానికి సురక్షితమైనది, చివర ముగించేది అని పాత్రలు మూడు. సీపీ లెక్కలో అటాక్‌కు ఎక్కువ బరువు ఉంటుంది. అందువల్ల పరిమితి ఉన్న లీగుల్లో అటాక్ ఐవీ తక్కువగా, రక్షణ, ప్రాణశక్తి ఐవీలు ఎక్కువగా ఉన్న జీవే తరచుగా మేలైనది. అన్నీ గరిష్ఠంగా ఉన్నదాన్ని ఏరి పెంచే అలవాటు ఈ లీగుల్లో నష్టం చేస్తుంది.

వరంగల్ వంటి నగరంలో మార్గం

టీవీలో తెలుగు డబ్బింగ్‌తో వచ్చిన కార్టూన్ ద్వారా పికాచు తెలుగు పిల్లలకు ముందే పరిచయం. అయితే అధికారిక గేములు ఆడే నింటెండో స్విచ్ 2017లో ప్రపంచ మార్కెట్‌కు వచ్చినప్పుడు భారత్‌లో అధికారికంగా విడుదల కాలేదు. ఇక్కడివారు దిగుమతి చేసిన యంత్రాలను కొనుక్కోవలసి వచ్చింది. అందుచేత వరంగల్ లాంటి చోట ఫోన్, ల్యాప్‌టాప్‌లే అందుబాటులోని దారులు. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన ఎన్‌ఐటీ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్న ఈ విద్యార్థుల నగరంలో షోడౌన్‌కు కావలసిన సరంజామా, అంటే బ్రౌజర్, ఇంటర్నెట్, ఒక తోటి ఆటగాడు, దొరకడం కష్టం కాదు. పోకెమాన్ గో చారిత్రక కట్టడాలు, విగ్రహాలు, పార్కుల వంటి గుర్తులను ఆటస్థలాలుగా మలచుకుంటుంది. కాకతీయుల కట్టడాలతో నిండిన వరంగల్, హనుమకొండ, కాజీపేటల త్రినగరి అలాంటి ఆటకు తగిన నేల. స్విచ్‌తో పాటు మొబైల్ ఫోన్ల కోసం కూడా పోరాటాలకే పరిమితమైన పోకెమాన్ ఛాంపియన్స్ అనే గేమ్‌ను 2025 ఫిబ్రవరి 27న ప్రకటించారు. యంత్రం కొనలేనివారికి అధికారిక పోటీ ఆట చేరువయ్యే దారి అది.

మేధో క్రీడలు ఈ నగరానికి కొత్త కావు. 2800 రేటింగ్ దాటిన రెండో భారతీయుడు, గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఇరిగేశి వరంగల్‌వాడే. చదరంగంలో అలవడిన ముందుచూపు, సొంత ఆటలను విశ్లేషించే అలవాటు పోకెమాన్ పోటీల్లో నేరుగా పనికొస్తాయి. తేడా కూడా గుర్తుంచుకోవాలి. చదరంగంలో బలగమంతా బల్లమీద కనిపిస్తుంది, ఎత్తులు ఒకరి తర్వాత ఒకరు వేస్తారు. పోకెమాన్‌లో ఇద్దరూ ఒకేసారి నిర్ణయం తీసుకుంటారు, అదృష్టం పాలు ఉంటుంది. కనుక ఒక్క ఓటమి జట్టు చెడ్డదని చెప్పదు, ఒక్క గెలుపు మంచిదనీ చెప్పదు.

కొత్తవారి పొరపాట్లు

ఇష్టమైన ఆరింటిని ఏరుకోవడం, నాలుగు మూవ్‌లూ దాడులతోనే నింపి, ఆ వంతు దెబ్బలను ఆపే ప్రొటెక్ట్ మూవ్‌ను వదిలేయడం, వేగం సంగతి మరవడం, ప్రతి ఓటమి తర్వాత జట్టంతా మార్చేయడం తరచుగా కనిపించే పొరపాట్లు. ఛాంపియన్ల జట్టును యథాతథంగా తెచ్చుకోవడం తప్పు కాదు. నిజానికి అనుభవజ్ఞులు కొత్తవారికి ఇచ్చే మొదటి సలహా అదే. అయితే ప్రతి జీవి అక్కడ ఎందుకుందో అడిగి తెలుసుకోకపోతే ఆ జట్టు ఏమీ నేర్పదు. ఇష్టమైన జీవిని వదులుకోనవసరం కూడా లేదు. దానికి తగిన పని చూపి, మిగతా ఐదింటిని దాని చుట్టూ కూర్చాలి. ఆరు జీవుల్లో ప్రతిదాని పనినీ ఒక్క వాక్యంలో చెప్పగలిగిన ఆటగాడి జట్టు పోటీకి సిద్ధమైనట్టే.